దోమ ఏ జాతిదో గుర్తించడం ఎలా?



దోమలన్నీ ఒకే విధంగా ఉంటాయని అనుకుంటున్నారా? కానే కాదు. ప్రతి జాతికీ ప్రత్యేకమైన గుర్తులు ఉన్నాయి. స్పష్టమైన ఛాయాచిత్రం ఉంటే వాటిని మీరే పరిశీలించవచ్చు.

మొదట దోమ వాలిన తీరును చూడండి. తల వంచి, పొట్ట చివరను పైకెత్తి ఏటవాలుగా వాలినది సాధారణంగా అనాఫిలిస్. దాని రెక్కలపై మచ్చలు ఉంటాయి. మలేరియాను వ్యాపింపజేసేది ఈ జాతియే. గోధుమ రంగులో ఉండి, గోడకు సమాంతరంగా వాలినది క్యూలెక్స్ కావచ్చు.

నల్లని శరీరం, కాళ్లపై తెల్లని పట్టీలు ఉంటే అది ఏడిస్ కావచ్చు. మన మలేసియాలో డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసేది ఇదే. ఇప్పుడు దాని వీపును చూడండి. నడుమ ఒకే తెల్లని గీత ఉంటే అది ఏడిస్ ఆల్బోపిక్టస్. ఇరుప్రక్కల వంపు తిరిగిన తెల్లని గీతలు, వాటి మధ్య రెండు సన్నని గీతలు ఉంటే అది ఏడిస్ ఈజిప్టై. కావున వీపు కనబడేటట్లు పైనుండి చిత్రం తీయాలి. చిత్రం కోసం దోమ చేత కుట్టించుకోవద్దు! చనిపోయిన దోమను తెల్ల కాగితంపై ఉంచి, ప్రక్కన కొలబద్ద పెట్టి చిత్రం తీయండి.

గుర్తుల పరిశీలన ఎంత ముఖ్యమో చరిత్ర చెబుతున్నది. రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు ఇతర జాతుల దోమలను ఎన్నింటినో కోసి చూచినా మలేరియా రహస్యం తెలియలేదు. చివరకు 1897 ఆగస్టు 20న, తెలుగువారి సికింద్రాబాదులో, రెక్కలపై మచ్చలు గల దోమ పొట్టలో ఆయన మలేరియా క్రిమిని కనుగొన్నాడు.

జాతి తెలిస్తే మనకేమి లాభం? అది పుట్టిన నీటిని ఎక్కడ వెదకాలో తెలుస్తుంది. క్యూలెక్స్ ఎక్కువగా మురికి కాలువలలో పెరుగుతుంది. ఏడిస్ మాత్రం పూలకుండీల క్రింది పళ్లాలలో, పాత టైర్లలో, మూతలేని తొట్లలో నిలిచిన నీటి అంచున గుడ్లు పెడుతుంది. ఇంట్లో ఏడిస్ కుడుతూ ఉంటే, కాలువను మాత్రమే శుభ్రం చేసి ప్రయోజనం లేదు.

మన వంటి వేడి దేశంలో గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు చాలు. అందుచేత వారానికి ఒకసారి ఆ నీటిని పారబోసి, పళ్లాలను రుద్ది కడగండి. ఈ వారమే మీ ఇంటి చుట్టూ వెదకి చూడండి!