వీడియోలోని గొంతును చెడకుండా తీయడమెలా?

1996లో మా చెల్లెలి నికాహ్ జరిగినప్పుడు వీడియో తీయించాం. ఖుత్బా ముగిశాక అబ్బాజాన్ చేతులెత్తి దువా చేశారు. ఆ క్యాసెట్‌ను 2003లో వీడియో సీడీగా మార్పించాం. ఈనాడు అబ్బాజాన్ లేరు. క్యాసెట్‌కు బూజు పట్టింది. ఆయన గొంతు మిగిలింది ఆ సీడీలోనే.

సీడీని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్లి, "బొమ్మ వద్దు, మాట మాత్రం కావాలి" అన్నాం. పది నిమిషాల్లో పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి వింటే, కుండలో నుంచి మాట్లాడినట్టుంది. అమ్మీ ఒకసారి విని, "ఇది ఆయన గొంతు కాదు" అని పక్కకు తిరిగారు.

ఎల్‌బి నగర్‌లో మాకు తెలిసిన కుర్రాడొకడు కంప్యూటర్ చదువుతున్నాడు. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ తర్వాత మూడో స్టేషనే గనుక, సీడీ పట్టుకుని అతని ఇంటికి వెళ్లాం. "సీడీలో లోపం లేదు చాచా, తీసిన పద్ధతిలో ఉంది" అన్నాడతను.

పద్ధతిలో తేడా ఏమిటి?

వీడియో ఫైలును టిఫిన్ క్యారియర్ అనుకోండి. ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో శబ్దం ఉంటాయి. రెండూ విడివిడిగా కుదించినవే. అసలైన ఆడియో సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల శబ్దం ఉంటే, వీడియో సీడీలో ఉండేది 224 మాత్రమే. అంటే ఆరో వంతు కన్నా కాస్త తక్కువ. చెవికి అంతగా తెలియని భాగాలను అప్పుడే తీసేశారన్నమాట.

దుకాణంలో చేసిందేమిటి? శబ్దపు గిన్నె విప్పి, దాన్ని 64 కిలోబిట్ల ఎంపీ3గా మళ్లీ కుదించారు. ఒకసారి పిండిన బట్టను రెండోసారి పిండినట్టయింది. మన కుర్రాడు ముందుగా సీడీలోని ఫైలును కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు, శబ్దాన్ని మార్చకుండా 'కాపీ' చేయమని ఆదేశమిచ్చాడు. గిన్నె గిన్నెగానే బయటికి వచ్చింది. కొన్ని సెకన్లలో పని అయిపోయింది.

పెద్ద ఫైలైతే మంచిదా?

"దీన్నే వేవ్ గానో, ఫ్లాక్ గానో మారిస్తే ఇంకా స్పష్టంగా ఉండదా?" అని అడిగాం. ఉండదట. ఆ రెండింటిలో కొత్తగా పోయేదేమీ ఉండదు, కానీ ముందే పోయింది తిరిగి రాదు. గంట శబ్దం వీడియో సీడీలో దాదాపు 100 మెగాబైట్లు. వేవ్‌గా మారిస్తే 635 అవుతుంది. సైజు పెరుగుతుంది గాని గొంతు మెరుగుపడదు. అయితే గురగుర శబ్దం తగ్గించడం వంటి మార్పులు చేయదలిస్తే మాత్రం వేవ్‌లోనో ఫ్లాక్‌లోనో చేయాలి. లేకపోతే దాచిన ప్రతిసారీ మళ్లీ కొంత నష్టం.

ఫోన్ వీడియోలకూ ఇదే సూత్రం. వాటిలో శబ్దం సాధారణంగా ఏఏసీ రూపంలో ఉంటుంది. దాన్ని కాపీ చేసి 'ఎం4ఏ' ఫైలుగా దాచుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో దారిలోనే మరోసారి కుదించబడుతుంది. అందుకని వీడియో తీసినవారి ఫోన్‌లోని అసలు ఫైలునే అడగండి. పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గా పంపమనండి.

దుకాణానికి వెళ్లినా ఒక్క మాట గట్టిగా చెప్పండి: "మళ్లీ కన్వర్ట్ చేయొద్దు, ఉన్న ఆడియోను ఉన్నట్టే తీసివ్వండి." తీసిన తర్వాత కూడా పాత సీడీని పారేయకండి. ఫైలును రెండు వేర్వేరు చోట్ల దాచండి.

ఆ రాత్రి కొత్త ఫైలును అమ్మీకి వినిపించాం. దువా మధ్యలో అబ్బాజాన్ ఒకచోట గొంతు సవరించుకుంటారు. ముందు ఫైలులో అది వినపడనే లేదు. అమ్మీ అక్కడ తలెత్తి, "మళ్లీ పెట్టు" అన్నారు.

మీ బీరువాలోనూ అలాంటి సీడీ ఉండవచ్చు. పెద్దల గొంతు మన దగ్గరున్న అమానత్. సీడీ పాడుకాకముందే, ఈ వారమే బయటికి తీయండి.