స్టైపెండ్ ఏ హుండీలోంచి వస్తుంది?

అక్కలూ, చెల్లెళ్ళూ, ఏప్రిల్ మొదట్లో ఆ ఫార్వర్డ్ మీ గ్రూపుల్లోకి కూడా వచ్చే ఉంటుంది. "అమెరికా యూనివర్సిటీలన్నీ ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తాయి. ఆ డబ్బు ఆపేశారు. ఇక ఎవరికీ స్టైపెండ్ రాదు. సీటొచ్చినా వెళ్ళకండి" అని.

నైట్ షిఫ్ట్ బ్రేకులో ఉండగా విజయవాడ నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. మా మేనకోడలికి ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో స్టైపెండ్‌తో పీహెచ్‌డీ సీటొచ్చింది. జవాబు చెప్పడానికి గడువు ఏప్రిల్ 15. "రానని రాసేయమందామా?" అని అడిగాడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. రెండ్రోజులు ఆగమన్నాను.

నేను లెక్కల మనిషిని కాను, యూనివర్సిటీ ఆసుపత్రిలో నర్సుని. కానీ నా జీతం కూడా యూనివర్సిటీదే కదా, అదెక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని కూర్చున్నాను.

ముందు ఫార్వర్డ్‌లో ఉన్న నిజం చెప్పుకుందాం. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం హార్వర్డ్‌కి రావలసిన 220 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఆపింది. అలా ఆపడం చట్టవిరుద్ధమని సెప్టెంబరులో బోస్టన్ ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు. ప్రభుత్వం అప్పీలుకెళ్ళింది. ఆ ఏడాది కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించిన మాటా నిజమే.

అబద్ధమల్లా "అన్నీ", "అంతా" అన్న మాటల్లో ఉంది. అదే హార్వర్డ్ 2024 లెక్క చూడండి. రాబడి సుమారు 650 కోట్ల డాలర్లు. అందులో ఫెడరల్ పరిశోధన గ్రాంట్లు దాదాపు 11 శాతం, ఫీజులు 21 శాతం, దాతల మూలధనం మీద వచ్చింది 37 శాతం.

ఈ మూలధనాన్నే ఎండోమెంట్ అంటారు. "5,300 కోట్ల డాలర్లు పెట్టుకుని ఏడుపెందుకు?" అని దీనిమీద ఇంకో ఫార్వర్డ్ తిరుగుతుంది. తిరుమల అన్నప్రసాదం ట్రస్టు గుర్తుందా? భక్తులిచ్చిన అసలు బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో భోజనాలు పెడతారు. ఇదీ అలాంటిదే. పైగా ఈ నిధుల్లో ఎక్కువ భాగం ఫలానా స్కాలర్‌షిప్‌కి, ఫలానా ప్రొఫెసర్ పదవికి అని దాతలు ముడివేసి ఇచ్చినవి. ఇష్టమొచ్చినట్టు తీయడానికి లేదు.

స్టేట్ యూనివర్సిటీల కథ వేరు. రాష్ట్ర శాసనసభ బడ్జెట్‌లో కొంత ఇస్తుంది, ఫీజులు కొంత. ఆసుపత్రులుంటే వాటి రాబడి ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి అన్నిటికన్నా పెద్ద రాబడి ఆసుపత్రులదే. అంటే మనం రాత్రంతా నిలబడి చూసుకున్న పేషెంట్ల బిల్లులే! అందులో మెడికేర్ లాంటి ప్రభుత్వ డబ్బూ ఉంటుంది, కానీ అది వైద్యం చేసినందుకు ఇచ్చేది.

ఇక "మన పిల్లల ఫీజులతోనే అమెరికా యూనివర్సిటీలు బతుకుతున్నాయి, 4,380 కోట్ల డాలర్లు" అనే మాట. 2023-24లో విదేశీ విద్యార్థుల వల్ల ఇక్కడి ఆర్థిక వ్యవస్థకు చేరిందని నాఫ్సా సంస్థ వేసిన లెక్క అది. అందులో ఇంటద్దె, తిండి ఖర్చు కూడా కలిసున్నాయి. అంతా ఫీజు కాదు.

మరి మన అమ్మాయి సంగతి? పీహెచ్‌డీ స్టైపెండ్ సాధారణంగా మూడు దారుల్లో వస్తుంది: పాఠాలు చెప్పినందుకు డిపార్ట్‌మెంట్ ఇచ్చేది, ప్రొఫెసర్ గ్రాంటులోంచి ఇచ్చేది, ఫెలోషిప్. ఫెడరల్ గ్రాంటు ఆగితే ముందు దెబ్బ తగిలేది రెండో దారికి.

అందుకే మేనకోడలి చేత డిపార్ట్‌మెంటుకి రెండే ప్రశ్నలు రాయించాను. నా స్టైపెండ్ ఏ నిధిలోంచి? అది ఆగిపోతే ఏం చేస్తారు? మూడో రోజు జవాబొచ్చింది. మొదటి ఏడాది డిపార్ట్‌మెంట్ డబ్బు, తర్వాత ప్రొఫెసర్ గ్రాంటు, అది ఆగితే మళ్ళీ పాఠాలు చెప్పే పని ఇస్తామని రాతపూర్వకంగా చెప్పారు. ఏప్రిల్ 13న సరేనని రాసింది. ఆగస్టులో వస్తోంది.

రిస్కు పూర్తిగా పోయిందని అనను. కానీ ఎంతుందో, ఎక్కడుందో ఇప్పుడు వాళ్ళకు తెలుసు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఫోన్ వస్తే, ఆ యూనివర్సిటీ పేరు పక్కన "యాన్యువల్ ఫైనాన్షియల్ రిపోర్ట్" అని కొట్టి చూడండి. పెద్ద యూనివర్సిటీలు ఏటా పెడతాయి. పిల్లల చేత ఆ రెండు ప్రశ్నలూ అడిగించండి. ఫార్వర్డ్ చూసి మాత్రం సీటు వదులుకోనివ్వకండి.