క్యాండీ రాజప్రాసాదము – దంతమందిరము

శ్రీలంక మధ్యభాగమున, కొండల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున క్యాండీ నగరము కలదు. సింహళీయులు దీనిని మహనువర యందురు. మహానగరమని దాని యర్థము. తీరప్రాంతములు పోర్చుగీసువారి పాలును, తరువాత డచ్చివారి పాలును అయినను, ఈ కొండరాజ్యము 1815 వఱకు స్వతంత్రముగా నిలిచెను. ఆ రాజుల ప్రాసాదమును, దాని యావరణలోనే యున్న బౌద్ధాలయమును చూచుటకు నేటికిని యాత్రికులు అసంఖ్యాకముగా వచ్చుచుందురు.

రాజగృహము పక్కనే ఆలయమేల? ఇచ్చట పూజింపబడునది బుద్ధభగవానుని దంతము. అది యెవరి రక్షణలో నుండునో వారే లంకకు రాజులని ప్రజల విశ్వాసము. కనుక రాజధాని మాఱినప్పుడెల్ల దంతమును దానితోపాటు తరలివచ్చెను.

ఈ దంతము మొదట కళింగదేశమందలి దంతపురమున నుండెడిదట. శత్రువులు దానికై దండెత్తి రాగా, గుహశివుడను రాజు దానిని తన కుమార్తె హేమమాల కప్పగించెను. ఆమె దానిని కొప్పులో దాచుకొని, భర్తతో ఓడ యెక్కి లంక చేరెనని కథ. ఇది 4వ శతాబ్దపు మాట. ఆ దంతపురము మన శ్రీకాకుళము జిల్లాలోని దంతవరపుకోటయే యని కొందఱు చరిత్రకారుల యభిప్రాయము. పూరీ యనువారును కలరు.

తెలుగువారికి క్యాండీతో మఱియొక సంబంధము కూడ నున్నది. 1739లో నరేంద్రసింహుడు వారసుడు లేక మరణింపగా, అతని రాణి సోదరుడు సింహాసన మెక్కెను. ఆమె మధుర నాయకుల బంధువర్గమునకు, అనగా తెలుగు మూలములు గల కుటుంబమునకు చెందినది. ఈ వంశపు రాజులు పుట్టుకచే హిందువులైనను బౌద్ధమును శ్రద్ధతో పోషించిరి. కీర్తి శ్రీ రాజసింహుని కాలమున, 1753లో, సయాము నుండి భిక్షువులు వచ్చి, లంకలో అంతరించిన ఉపసంపద దీక్షను పునరుద్ధరించిరి.

ఆలయము ముందు అగడ్త, దాని యంచున తెల్లని గోడ యున్నవి. గోడలోని చిన్న గూళ్లలో నూనె దీపములు పెట్టుదురు. మూలనున్న ఎనిమిది పలకల మండపము నుండి కడపటి రాజైన శ్రీ విక్రమ రాజసింహుడు ప్రజలకు దర్శన మిచ్చెడివాడు. నేడది తాళపత్ర గ్రంథాలయము. ఎదుటి సరస్సును త్రవ్వించినవాడును అతడే. దానికై ప్రజలను నిర్బంధించి పని చేయించుట ప్రధానులకు రుచింపలేదు.

లోపల దినమునకు మూడు పర్యాయములు పూజ జరుగును. డప్పులు మ్రోగగా మేడపై గది తలుపులు తెఱతురు. భక్తులు తామరలను, మల్లెలను సమర్పింతురు. దంతము ఒకదానిలో నొకటిగా అమర్చిన ఏడు పేటికలలో నుండును. దూరదేశమునుండి వచ్చినవాడు సైతము సాధారణముగా వెలుపలి స్వర్ణపేటికను మాత్రమే చూచి మరలవలసినదే.

సమీపముననే చెక్కడపు కొయ్యస్తంభముల సభామండపము కలదు. 1815 మార్చి 2వ తేదీన ప్రధానులు ఇచ్చటనే రాజ్యమును ఆంగ్లేయులకు అప్పగించు ఒడంబడికను అంగీకరించిరి. బౌద్ధమతమును కాపాడుదుమని ఆంగ్లేయు లందు మాట యిచ్చిరి. రాజును వేలూరు కోటకు పంపగా, అతడు 1832లో అచ్చటనే మరణించెను. 1817-18లో ప్రజలు తిరుగబడినప్పుడు దంతమును రహస్యముగా తరలించిరి. అది మరల ఆంగ్లేయుల చేజిక్కగానే తిరుగుబాటుదారుల ధైర్యము సడలెను. తుపాకులకంటె ఆ చిన్న పేటికయే వారికి ముఖ్యమైనది!

1998 జనవరి 25న బాంబుదాడి వలన ఆలయ ముఖభాగము దెబ్బతినెను, కొందఱు మరణించిరి. దంతమునకు హాని కలుగలేదు. పగిలిన గోడల పూతక్రింద పాత చిత్రములు బయటపడెను.

ప్రాసాదమున నేడు రాజు లేడు. పూర్వ రాజమందిరములలో ప్రదర్శనశాలలు వెలసినవి. కాని పూర్వము రాజు నియమించిన ఆలయాధికారి, దియవదన నిలమే, నేటికిని కలడు. ఇప్పు డతనిని పది సంవత్సరముల కొకసారి ఎన్నుకొందురు.