కొండ ఎక్కే ముందు...

చర్ల మండలం కుర్రవాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా బాలిక పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు. భద్రాచలం అడవి అంచున పుట్టినవాడు ఎక్కగా లేనిది మనం హిమాలయాలకు వెళ్ళలేమా అనుకుంటున్నారా? వెళ్ళవచ్చు. కాని ఆ ఇద్దరూ ముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి తర్ఫీదు పొందారని మరవకండి.

సుమారు 5,500 మీటర్ల ఎత్తున, మన గోదావరి ఒడ్డున అందే ప్రాణవాయువులో సగమే అందుతుంది. శరీరం దానికి అలవాటు పడటానికి రోజులు పడుతుంది. కండబలం ఉన్నంత మాత్రాన కొండజబ్బు విడిచిపెట్టదు.

రెండు మూడు నెలల ముందు నుంచే రోజూ వేగంగా నడవండి, బరువు సంచీతో మెట్లెక్కండి. రక్తపోటు, గుండె, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. ఏజెన్సీ గ్రామాలవారు సికిల్ సెల్ పరీక్ష కూడా తప్పక చేయించుకోవాలి. ఆ జబ్బున్నవారు ఈ యాత్ర మానుకోవాలి. జబ్బు లేకుండా ఆ లోపాన్ని మోస్తున్నవారికి సైతం అంత ఎత్తున ప్లీహం దెబ్బతినవచ్చు. కనుక డాక్టరును అడగనిదే బయలుదేరవద్దు.

3,000 మీటర్లు దాటాక, రాత్రి పడక ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరు చెబితేనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే తగ్గేవరకూ పైకి కదలకండి. కూర్చున్నా ఆయాసం, నడకలో తూలు, మాటలో తికమక కనిపిస్తే అర్ధరాత్రయినా సరే, తోడుగా ఒకరు ఉండి వెంటనే కిందికి దింపాలి. వెనుదిరగడం సిగ్గుపడే పని కాదు. కొండ వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది.