రెండు ఊళ్ల నడుమ కాలిబాట: అందరికీ అనువేనా?

ఊరి నుంచి పక్క ఊరికి వెళ్లే కాలిబాట అందరికీ అనువుగా ఉందో లేదో తేలాలంటే, దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి కొలవాలి. చక్రాల కుర్చీ వాడేవారు, చూపు లేనివారు, వృద్ధులు ఆ నడకలో ఉంటేనే అసలు అడ్డంకులు బయటపడతాయి.

మొదట చూడాల్సింది వెడల్పు. ఒక చక్రాల కుర్చీ సాగడానికి కనీసం 90 సెంటీమీటర్లు, రెండు ఎదురుపడి తప్పుకోవడానికి 180 సెంటీమీటర్లు కావాలి. దారంతా విశాలంగా ఉన్నా, ఒక్క కల్వర్టు దగ్గర ఇరుకైతే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

తర్వాతది వాలు. ర్యాంపులకు సాధారణంగా పాటించే కొలత 1:12. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు ఉండాలి. కాలువ గట్టు ఎక్కేచోట, వంతెన మొదట్లో దీన్ని తప్పక కొలవాలి. బాట పక్కకు ఒరిగి ఉంటే కుర్చీ అటే లాగుతుంది.

నేల తీరు కాలాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలంలో గట్టిగా ఉండే నల్లరేగడి, వాన పడగానే చక్రాలకు అంటుకుంటుంది. అందుకే పరిశీలన రెండు కాలాల్లోనూ జరగాలి. నీడ, కూర్చునే అరుగులు, మంచినీళ్లు, రాత్రి వెలుతురు, ముఖానికి తగిలే కొమ్మలు కూడా నమోదు చేయాలి.

చివరగా ప్రతి అడ్డంకినీ చోటు, కొలత, ఫొటోతో రాసి, దారిని పూర్తిగా మూసేవాటిని ముందుంచి, గ్రామ పంచాయతీకి అందించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సౌలభ్య ప్రమాణాల విషయంలో పట్టణాలతోపాటు గ్రామాలనూ ప్రస్తావించింది.