నా నోటు నాకే ఇస్తారా తాతా?

దసరా సెలవులకు వచ్చిన మా మనవరాలు తన మట్టి ముంత పగలగొట్టింది. చాప మీద పోసి లెక్కపెడితే 640 రూపాయలు తేలాయి. అందులో ఒక వంద నోటు మూల పెన్సిలుతో గీసిన మల్లెపువ్వు ఉంది.

"నోటు మీద గీతలు గీయకూడదే" అని కసిరాను.

"గుర్తు కోసం తాతా. బ్యాంకులో వేశాక మళ్లీ అడిగితే ఇదే ఇస్తారో లేదో చూద్దామని."

ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను కానీ ఇంత శుభ్రమైన ప్రయోగం నాకెప్పుడూ తట్టలేదు.

"మనం పొద్దున్నే పాలకేంద్రంలో పాలు పోస్తాం కదా. సాయంత్రం చుట్టాలొచ్చారని వెళ్లి అర లీటరు అడిగితే మన గేదె పాలే ఇస్తాడా?" అన్నాను.

"ఎలా ఇస్తాడు? అన్నీ ఒకే క్యానులో కలిసిపోతాయిగా."

"మరి మన పాలు ఏమైనట్టు?"

"పుస్తకంలో రాసుకుంటాడు!"

సగం పాఠం అయిపోయింది. బ్యాంకంటే పెద్ద ఇనప్పెట్టె అనుకుంటాం. నిజానికి ఇనప్పెట్టె పని చేసేది అక్కడి లాకరు ఒక్కటే. అందులో పెట్టిన గొలుసు అదే గొలుసుగా తిరిగొస్తుంది, దానికి అద్దె మనమే కట్టాలి. ఖాతాలో వేసిన డబ్బు మాత్రం మనం బ్యాంకుకు ఇచ్చిన అప్పు. అందుకే వడ్డీ వాళ్లు మనకిస్తారు. పాస్‌బుక్కు ఆ అప్పు లెక్క.

ఇక ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చూడండి. మనం వేసిన ప్రతి వందలో 3 రూపాయలు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. కనీసం 18 రూపాయలు ప్రభుత్వ బాండ్లలాంటి గట్టి చోట పెట్టాలి. మిగిలిన డెబ్బై తొమ్మిదీ అప్పుగా ఇవ్వొచ్చు. ఒక కూల్‌డ్రింకుల కొట్టాయన ఆ అప్పుతో ఫ్రిజ్ కొన్నాడనుకోండి. ఫ్రిజ్ అమ్మినవాడు ఆ డబ్బు తన బ్యాంకులో వేస్తాడు. ఆ బ్యాంకు అందులో కొంత ఆపి, మిగతాది ఇంకొకరికి అప్పిస్తుంది. మన పాస్‌బుక్కులో వంద అలాగే ఉంది, ఫ్రిజ్ అమ్మినవాడి పాస్‌బుక్కులో డెబ్బై తొమ్మిది కొత్తగా చేరింది. గారడీ కాదు, దొంగలెక్కా కాదు. అప్పులు తిరిగొస్తున్నంతకాలం, అందరూ ఒకే రోజు వచ్చి "మా డబ్బు మాకివ్వండి" అననంతకాలం సజావుగా సాగే లెక్క.

వడ్డీ సంగతి మన ఊరి భాషలోనే చెప్పుకుందాం. రూపాయి వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయి, ఏడాదికి పన్నెండు శాతం. పెద్దలు దాన్నే ధర్మవడ్డీ అనేవారు. మా నాన్న ప్రోనోటు రాసి తెచ్చింది రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఇప్పుడు 3 లక్షలలోపు పంట రుణం 7 శాతానికి ఇస్తారు. గడువులోగా కడితే ప్రభుత్వం 3 శాతం తగ్గిస్తుంది. మిగిలిన నాలుగు శాతాన్ని నెలలోకి మార్చి చూడండి, పావలా వడ్డీకి కాస్త పైన. మా నాన్న వింటే నమ్మేవాడు కాదు.

మర్నాడు ముంత డబ్బు సంచిలో వేసుకుని బందరు కోనేరు సెంటరు వైపు బయల్దేరాం. మా ఊళ్లో బ్యాంకుల బోర్డులు చదివితే చాలు, దేశం చరిత్ర సగం వచ్చేస్తుంది.

ఇప్పుడు యూనియన్ బ్యాంకు అని బోర్డున్న చోటును నా వయసు వాళ్లం ఇంకా ఆంధ్రా బ్యాంకు అనే అంటాం. 1923లో ఇక్కడే, బందరులోనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల మూలధనంతో దాన్ని మొదలుపెట్టారు. వైద్యం చేసే మనిషి బ్యాంకు పెట్టాడేమిటా అనిపిస్తుంది. నాడి చూసినవాడికి ఊళ్లో డబ్బు ఎక్కడ ఆడక ఆగిందో కూడా తెలిసి ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న ఆ పేరు పోయింది. లెక్కల ప్రకారం విలీనం మంచిదే కావచ్చు, నాకు మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటుంది.

స్టేట్ బ్యాంకు వేళ్లు 1806 నాటి కలకత్తాలో ఉన్నాయి. బెంగాల్, బొంబాయి, మద్రాసు బ్యాంకులు 1921లో కలిసి ఇంపీరియల్ బ్యాంకైతే, 1955లో అది స్టేట్ బ్యాంకైంది. నిజాం కాలంలో 1941లో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు కూడా చివరికి, 2017లో, ఇందులోనే కలిసింది. 1969 జూలైలో పద్నాలుగు పెద్ద ప్రైవేటు బ్యాంకులు సర్కారు చేతికి వచ్చేనాటికి దేశం మొత్తానికి ఎనిమిది వేల పైచిలుకు శాఖలే ఉండేవి. పల్లెటూరివాడికి బ్యాంకంటే పట్నంలో చూసే కట్టడం. ప్రైవేటు బ్యాంకులు ఇప్పటికీ ఉన్నాయి. పని ఒకటే, యజమాని వేరు.

ఇక గ్రామీణ బ్యాంకులు. 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. వాటిలో కేంద్రానిది సగం వాటా, రాష్ట్రానిది 15 శాతం, పోషించే పెద్ద బ్యాంకుది 35 శాతం. ఆంధ్రలో నాలుగుగా ఉన్నవి 2025 మేలో ఒక్కటయ్యాయి.

బందరులోనే జిల్లా సహకార బ్యాంకు ఉంది. దాని కింద ఊరూరా సొసైటీలు, పైన రాష్ట్ర సహకార బ్యాంకు ఆప్కాబ్. సహకారంలో నాకు నచ్చేదేమిటంటే, ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఓటు ఒక్కటే. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షలదాకా బీమా ఉంటుంది. సహకార బ్యాంకులకు కూడా అది వర్తిస్తుంది కానీ ఊరి సొసైటీలో దాచుకున్న దానికి వర్తించదు. సొసైటీ బ్యాంకు కాదు.

"మరి అమ్మ ఫోన్లో డబ్బులు పంపేది?" అంది మా పిల్ల. ఆ యాప్ చాలాసార్లు బ్యాంకు కాదమ్మా, వట్టి తపాలా బంట్రోతు. డబ్బు ఒక బ్యాంకులోంచి ఇంకో బ్యాంకులోకి పోతుంది, కబురు మాత్రం అది మోస్తుంది. పేమెంట్ బ్యాంకులని వేరే ఉన్నాయి. పోస్టాఫీసు వాళ్లదీ ఒకటి. వాటిలో 2 లక్షలకు మించి ఉంచకూడదు, అవి ఎవరికీ అప్పివ్వకూడదు.

మనకు కౌంటరే కనపడని బ్యాంకులూ ఉన్నాయి. నా దగ్గర ఏడాదికని తీసుకున్న డిపాజిట్టును ఇరవై ఏళ్ల పనికి అప్పిస్తే బ్యాంకుకు ఊపిరాడదు. సాయంత్రం కాఫీకి కావలసిన పాలను పొద్దున్నే నెయ్యి కాచడానికి ఇచ్చేసినట్టే. అందుకే దీర్ఘకాలపు అప్పుల కోసం వేరే సంస్థలు పెట్టారు. వ్యవసాయానికి 1982లో నాబార్డు, చిన్న పరిశ్రమలకు 1990లో సిడ్బీ, ఎగుమతులకు ఎగ్జిమ్ బ్యాంకు. ఇవి మనతో కాదు, ఎక్కువగా మిగతా బ్యాంకులతో, సంస్థలతో మాట్లాడతాయి.

అందరి పైనా రిజర్వు బ్యాంకు. 1935లో పుట్టింది. ఇందులో మీకూ నాకూ ఖాతా దొరకదు, ప్రభుత్వాలకూ బ్యాంకులకే. సంచిలోంచి పది నోటు, పెళ్లి చదివింపుల్లో వచ్చిన రూపాయి నోటు తీసి పిల్లను సంతకాలు పోల్చమన్నాను. భూతద్దం పెట్టి చూసింది. పది నోటు మీద గవర్నరు సంతకం ఉంది, రూపాయి నోటు మీద కేంద్ర ఆర్థిక కార్యదర్శిది. రూపాయి నోటు రిజర్వు బ్యాంకుది కాదు, నేరుగా ప్రభుత్వానిది. 2003 నుంచి 2013 దాకా ఆ గవర్నరు సంతకం వరసగా ఇద్దరు తెలుగువాళ్లదే, వై.వి.రెడ్డిగారు, తర్వాత దువ్వూరి సుబ్బారావుగారు.

బ్యాంకులో పేరు రాయించాం. పిల్లకు పదేళ్లు నిండాయి కాబట్టి తన ఖాతా తనే నడుపుకోవచ్చు. ఎంతవరకన్నది బ్యాంకు నిర్ణయం. క్యాషియరు చిల్లర లెక్కపెడుతూ నవ్వాడు, "ముంత పగిలిందా మాస్టారూ?" అని. మల్లెపువ్వు నోటు వందల కట్ట పైన పెట్టాడు.

మా వెనక ఉన్నాయన వెయ్యి రూపాయలు తీసుకోవడానికి వచ్చాడు. కట్ట పైనుంచి పది నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు క్యాషియరు.

మా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తాతా, నా పువ్వు!"

ఆయన నోట్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. పిల్ల ఒకసారి వీధిలోకి, ఒకసారి పాస్‌బుక్కులోకి చూసింది. అందులో 640 అలాగే ఉంది.

"ఆయన దాంతో ఏం కొంటాడు తాతా?" అంది.

"హల్వా అయ్యుంటుంది" అన్నాను, బందరు కదా.