ఖరీదైన హెడ్‌ఫోన్ కొనేముందు

పాతిక వేలో లక్షో పెట్టి హెడ్‌ఫోన్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏది బెస్ట్?’ అని. దానికి సూటి జవాబు లేదు. ఒక స్థాయి దాటాక ధర పెరిగినంతగా నాణ్యత పెరగదు, శబ్దం తీరు మారుతుందంతే. ఆ తీరు మీకు నచ్చాలి.

పేరున్న మూడింటిని చూడండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. దానిలో మనిషి గొంతు ఎదురుగా కూర్చుని పాడినంత సహజంగా ఉంటుంది కానీ, అట్టడుగు బేస్ పల్చన. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రోలో అటు బేస్, ఇటు ట్రెబుల్ రెండూ పైకి లేస్తాయి, గొంతు కాస్త వెనక్కి తగ్గుతుంది. తాళాల మోత ఇష్టపడేవాళ్లకు పండగే, మిగతావాళ్లకు గంటలో తలనొప్పి. ఆడీజ్ ఎల్‌సీడీ-2 ప్లానార్ రకం. అయస్కాంతాల పక్కన పల్చటి పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది కాబట్టి బేస్ అడుగుదాకా నిలబడుతుంది, పై శబ్దాలు మెత్తగా ఉంటాయి. బరువు మాత్రం అరకిలో పైమాటే. మెడ సంగతి కూడా ఆలోచించుకోవాలి.

మీకేది నప్పుతుందో తేల్చేది మీరు రోజూ వినే పాటలే. షాపువాళ్లు పెట్టే డెమో ట్రాకులు పక్కన పెట్టించండి. కర్ణాటక కచేరీ ఒకటి పెట్టి మృదంగం వినండి. దాని ఎడమ ముఖం నుంచి గుమ్మని సాగే నాదం, కుడి ముఖం మీది వేలి దెబ్బ వేరువేరుగా తెలియాలి. ఎడమది ఉబ్బిపోయి గాత్రాన్ని కప్పేస్తుంటే బేస్ మీకు ఎక్కువైనట్టే. తర్వాత ఒక గాయని పాట పెట్టి స, ష అక్షరాలు గమనించండి. అవి పాము బుసలా వినిపిస్తే ఐదారు వేల హెర్ట్జ్ పైన ఆ హెడ్‌ఫోన్ మీ చెవికి పడదు. ‘మాయాబజార్’ (1957) నాటి ఘంటసాల పాటలే మీ లోకమైతే మరో మాట: అవి మోనో రికార్డింగులు, రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం. వాటి కోసం, పాట విశాలమైన వేదిక మీద పరుచుకున్నట్టు వినిపిస్తుందని పేరుపడ్డ సెన్‌హైజర్ హెచ్‌డీ 800 లాంటిది కొనడం డబ్బు దండగ. పైగా ట్రెబుల్ ఎక్కువైతే పాత టేపుల బుస్సుమనే చప్పుడే ముందుకొస్తుంది.

పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమూ సమానంగా పెట్టించండి. కాస్త బిగ్గరగా మోగేది మెరుగ్గా తోచడం మన చెవికున్న బలహీనత. అమ్మకాల్లో ఇది బాగా పనికొస్తుంది లెండి.

హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్ బృందం ఎంతోమందికి రకరకాల శబ్దాలు వినిపించి చూసింది. మంచి గదిలో మంచి స్పీకర్లు వినిపించినట్టుండే తీరే ఎక్కువమందికి నచ్చింది. అయినా కొందరు ఇంకాస్త బేస్ కావాలన్నారు, కొందరు తగ్గించమన్నారు. కాబట్టి మీ ఇష్టం సగటుకు అటో ఇటో ఉంటే సంకోచపడాల్సిన పనిలేదు.

ఇంటి పరిస్థితీ చూసుకోవాలి. పైన చెప్పినవన్నీ ఓపెన్ బ్యాక్ రకాలే. బయటి చప్పుడు లోపలికి, లోపలి పాట బయటికి ధారాళంగా వచ్చిపోతాయి. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూ, వంటింట్లో కుక్కర్ కూస్తుంటే ఆ హెడ్‌ఫోన్ల సున్నితత్వమంతా గాల్లో కలిసినట్టే. అలాంటిచోట క్లోజ్డ్ బ్యాక్ మేలు. అయితే కళ్లజోడు కాడ దగ్గర సందు పడితే దాని బేస్ జారిపోతుంది, కాబట్టి జోడు పెట్టుకునే విని చూడండి. దేనితో మోగిస్తారన్నదీ ముఖ్యమే. హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ (విద్యుత్తుకు అది చూపే నిరోధం) 300 ఓములు. ఫోను దాన్ని మోగిస్తుంది గానీ నీరసంగా. చిన్న యాంప్లిఫయర్‌కూ కొంత డబ్బు అట్టేపెట్టుకోండి.

కొనేముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది. ఇప్పుడున్న హెడ్‌ఫోన్‌తోనే, ఫోనులోని ఈక్వలైజర్‌లో ఓ వారం బేస్ మూడు నాలుగు డెసిబెల్‌లు పెంచి వినండి. మరో వారం ట్రెబుల్ అంతే తగ్గించి వినండి. దేన్ని వెనక్కి మార్చబుద్ధి కాలేదో రాసి పెట్టుకుని, అప్పుడు షాపుకెళ్లండి.